రైలు కబుర్లు: చిమ్నీ మీద ఇత్తడి నాలుగు

పోయిన నెల ఇదే పేజీలో ఐల్ ఆఫ్ మ్యాన్ అనే చిన్న దీవిలో ఆవిరి రైలెక్కిన ముచ్చట నాలుగు పేరాల్లో రాశాను. ఇంగ్లండుకీ ఐర్లండుకీ నడుమ సముద్రంలో ఉంటుంది ఆ దీవి. పొడవు యాభై కిలోమీటర్ల పైచిలుకు, జనాభా ఎనభై నాలుగు వేల దాకా. మన కూకట్‌పల్లి వైపు నాలుగు కాలనీలు కలిపితే అంత జనం తేలుతారు. ఆ నాలుగు పేరాలకి ఇన్ని ఉత్తరాలొస్తాయని ఎడిటర్‌గారూ అనుకోలేదు, మెట్టుగూడలో కూర్చుని రాసిన నేనూ అనుకోలేదు. ఒకే ప్రశ్న నలుగురడిగితే ఒకరిదే వేశాను. మిగతా ముగ్గురూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: "మన నిజాం రైలు ఈడుది" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. వివరం చెప్పలేదేం సార్?
– తార్నాక నుంచి రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్

మీరు హిస్టరీ చెప్పినవారు, మీకు తేదీలు ఇవ్వకపోతే వదలరు. ఆ దీవిలో మొదటి బండి 1873 జులై 1న రాజధాని డగ్లస్ నుంచి పడమటి తీరంలోని పీల్ అనే చేపల రేవుకి నడిచింది. దక్షిణాన పోర్ట్ ఎరిన్‌కి వెళ్లే లైను 1874 ఆగస్టు 1న మొదలైంది. రెండు నెలలు తిరిగేసరికి, అంటే 1874 అక్టోబరులో, ఇక్కడ కర్ణాటక వైపున్న వాడి అనే జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి మన లైను తెరిచారు. కాబట్టి మన బండి ఆ దక్షిణపు లైనుకి రెండు నెలలు చిన్న.

చుట్టరికం అంతవరకే. ఒడ్డూ పొడుగూ వేరు. మనది బ్రాడ్ గేజ్, పట్టాల మధ్య అయిదున్నర అడుగులు. వాళ్లది మూడంటే మూడడుగులు. అంత ఇరుకుగా ఎందుకు వేశారంటే, డబ్బుల్లేక. దీవి చిన్నది, కొండలు ఎక్కువ. గేజ్ తగ్గితే మలుపులు బిగుతుగా తిప్పుకోవచ్చు. కొండ తక్కువ తవ్వాలి, వంతెన సన్నంగా కట్టుకోవచ్చు, ఇంజన్ చవగ్గా వస్తుంది. హెన్రీ విన్యోల్స్ అనే ఇంజినీరు ఆ లెక్క వేసి ఇచ్చాడు. కంపెనీకి పెద్దగా సదర్లాండ్ డ్యూక్ కూర్చున్నాడు. అందుకే ఒకటో నంబరు ఇంజన్ పేరు సదర్లాండ్.

ఉత్తరాన రామ్సీ ఊరివాళ్లు మాకూ రైలు వేయండని అడిగితే ఈ కంపెనీ ముందుకు రాలేదు. వాళ్లు పంతం పట్టి తామే ఇంకో కంపెనీ పెట్టుకుని 1879లో లైను వేసుకున్నారు. ఫాక్స్‌డేల్‌లో సీసం గనులుండేవి, 1886లో దానికో చిన్న కొమ్మ వేశారు. 1905 నాటికి ఇవన్నీ పెద్ద కంపెనీ చేతికే వచ్చాయి. మొత్తం 46 మైళ్లు, మన లెక్కలో 74 కిలోమీటర్లు. అంత దీవికి అది ఎక్కువే అంటాను నేను. కానీ అప్పట్లో ఇంగ్లండు నూలు మిల్లులు వేసవిలో వారం మూసేస్తే కూలీలంతా పెళ్లాం పిల్లలతో ఓడెక్కి అక్కడికే వచ్చేవాళ్లు. 1913లో ఆరు లక్షల మందికి పైగా దిగారట. వాళ్లని మోయడానికి ఎన్ని బండ్లున్నా చాలేవి కావు.

ప్రశ్న: అన్నా, నేను డీజిల్, ఎలక్ట్రిక్ నడిపినోణ్ణి. నూటయాభై ఏండ్ల ఇంజన్ ఇంకా ఎట్ల నడుస్తది? పార్టులన్నీ మార్చేస్తే అది పాత ఇంజన్ ఎట్లయితది?
– మల్కాజిగిరి నుంచి ఒక లోకో పైలట్

తమ్ముడూ, ఈ ప్రశ్న కోసమే కాచుకుని కూర్చున్నాను. మొదట ఆ ఇంజన్ ఎలా ఉంటుందో చెప్పనీ.

నేనెక్కిన బండికి కట్టింది నాలుగో నంబరు, పేరు లాక్. 1874లో మాంచెస్టర్ పక్కన గోర్టన్‌లో బేయర్ పీకాక్ కంపెనీ కట్టింది. ముందు రెండు చిన్న చక్రాలు, వెనక నాలుగు పెద్ద చక్రాలు. పెద్దవంటే ఎంతో తెలుసా, 45 అంగుళాలు. మన దగ్గర ప్యాసింజర్ బండ్లు లాగిన డబ్ల్యూపీ అనే ఆవిరి ఇంజన్ చక్రం 67 అంగుళాలు, నా నెత్తి మీదుగా ఉండేది. ఇది నా ఛాతీ దగ్గరే ఆగిపోయింది. నీళ్ల ట్యాంకులు బాయిలర్‌కి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి వెనక టెండర్, అంటే నీళ్లూ బొగ్గూ మోసే బండి, ఉండదు. చిమ్నీ అంచుకి రాగి టోపీ. చిమ్నీ మొదట్లో అరచేయంత ఇత్తడి అంకె, "4" అని. దాన్ని పొద్దున్నే తోమి ఉంటారు, నా ముఖం అందులో వంకరగా కనబడింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక చాలా ఏళ్లు ఆ ఇంజన్లకి వేసిన రంగు పేరేమిటో తెలుసా? ఇండియన్ రెడ్! మన గేరు రంగుకి కొంచెం ముదురు.

డగ్లస్ దాటగానే ఎక్కుడు. 65 అడుగులకి ఒక అడుగు. కిటికీ తీసి చెవి అటే పెట్టాను. చక్రం ఒక్కసారి తిరిగితే చిమ్నీ నాలుగు దగ్గులు దగ్గుతుంది. నాలుగూ సమానంగా వస్తే వాల్వులు సరిగ్గా కట్టినట్టు. ఒకటి కుంటితే షెడ్డులో ఎవరో తిట్లు తినాల్సిందే. ఇక్కడ కుంటలేదు.

పోర్ట్ ఎరిన్‌లో ఇంజన్‌కి నీళ్లు పట్టేటప్పుడు దగ్గరికి వెళ్లాను. ఫైర్‌మాన్, అంటే ఇంజన్‌లో బొగ్గు వేసేవాడు (ఒకప్పుడు నేనూ అదే), పాతికేళ్ల కుర్రాడు, ముఖమంతా మసి. నా ఇంగ్లీషు అతనికీ, అతని ఇంగ్లీషు నాకూ సగమే అర్థమయ్యాయి. ఇలా కాదని చొక్కా చెయ్యి పైకి మడిచి మణికట్టు మీది మచ్చ చూపించాను. ఫైర్‌బాక్స్, అంటే బొగ్గు మండే అర, దాని తలుపు కాలిస్తే పడే మచ్చ అది, ఫైర్‌మాన్లందరికీ అక్కడే ఉంటుంది. అతను నవ్వి తన చెయ్యి చూపించాడు. అదే చోట అదే మచ్చ. చెయ్యిచ్చి పైకి లాగాడు. పార చూశాను, మనం వాడినదానిలో సగం. బాయిలర్‌లో నీటి మట్టం చూపే గేజ్ గ్లాసులో నీళ్లు ముప్పావు. ఏం చెప్పమంటావు, కళ్లు తుడుచుకుంటే మసి అనుకున్నాడు.

ఇక నీ ప్రశ్న. బాయిలర్ మారుస్తారు, ఒకసారి కాదు, ఎన్నిసార్లో. దాన్నేదో పెద్ద మోసంలా చెప్పేవాళ్లున్నారు. మన షెడ్డుల్లో, వర్క్‌షాపుల్లో చేసింది మాత్రం వేరేనా? ఈ ఇంజన్ బాయిలర్ దింపి, తయారుగా ఉన్న ఇంకో బాయిలర్ ఎక్కించి పంపేవాళ్లం. మొదటి బాయిలర్ బాగయ్యాక మూడో ఇంజన్ నెత్తినెక్కేది. బాయిలర్ అంటే తొడుక్కునే చొక్కా. లోపల ఫైర్‌బాక్స్‌ని పట్టుకుని వందల స్టేలు, అంటే బిగింపు కడ్డీలు, ఉంటాయి. ఒక్కోదాన్నీ సుత్తితో కొట్టి వినాలి. మంచిది టంగుమంటుంది, తెగింది బొద్దుగా పలుకుతుంది. ఇప్పుడు యంత్రాలొచ్చాయి కానీ నా చెవికి ఆ తేడా నిద్రలో కూడా తెలుస్తుంది. అలా చూసుకుంటూ, తెగినవి మారుస్తూ పోతే ఇంజన్‌కి చావు లేదు. వాడకుండా మూల పడేస్తే మాత్రం పదేళ్లలో తుక్కు.

ఇంకో సంగతి. ఆ బేయర్ పీకాక్ కంపెనీయే మన బెంగాల్ నాగపూర్ రైల్వేకి గారట్ ఇంజన్లు కట్టింది, ముందోటి వెనకోటి రెండు ఇంజన్లు కలిపినట్టుండే రాక్షసులు. ఢిల్లీ రైలు మ్యూజియంలో ఒకటుంది, వెళ్తే చూడు. ఆ కంపెనీ 1966లో మూతపడింది. వాళ్ల ఇంజన్లు ఇంకా పొగ వదులుతున్నాయి.

ప్రశ్న: అన్నయ్యగారూ, అంత దూరం ఎలా వెళ్లారు? ఆ రైల్లో ఎంతసేపు కూర్చోవాలి? తినడానికి ఏమైనా దొరుకుతుందా?
– వారాసిగూడ నుంచి ఒక గృహిణి

అమ్మా, మా అమ్మాయి మాంచెస్టర్‌లో ఉన్నప్పుడు వెళ్లాం. హీషమ్ అనే రేవులో ఓడెక్కితే మూడు గంటల ముప్పావు. మా ఆవిడకి గంటలోనే వికారం మొదలైంది, మిగతా రెండు గంటల ముప్పావూ నేను తిట్లు తిన్నాను.

రైలు డగ్లస్ నుంచి పోర్ట్ ఎరిన్‌కి పాతిక కిలోమీటర్లు, గంట ప్రయాణం. ఎడమ పక్క కూర్చోండి, సముద్రం అటే కనబడుతుంది. శీతాకాలం మామూలుగా నడవదు. తిండి సంగతి, మా ఆవిడ స్టీలు డబ్బాలో పులిహోర పెట్టింది. ఇంగువ వాసనకి పక్క పెట్టెలో పెద్దాయన తొంగి చూశాడు. పెట్టాం. వేరుశెనగ గింజలు ఏరుకుని తిని, మిగతాది మర్యాదగా తిరిగిచ్చాడు.

పెట్టెల గురించి ఒక మాట. మొదట్లో అన్నీ నాలుగు చక్రాల చిన్న పెట్టెలు, కుదుపు ఎక్కువ. తర్వాత రెండేసి పాత పెట్టెల్ని చక్రాల మీంచి ఎత్తి, ఒకే పొడుగాటి ఫ్రేము మీద ఒకదాని వెనక ఒకటి కూర్చోబెట్టారు. పాత సామాను పారేయని ఇల్లాలి పని అది. జాగ్రత్తగా చూస్తే నడుమ అతుకు కనబడుతుంది.

ప్రశ్న: ముప్పై ఏళ్లు బస్సు నడిపాను. రైళ్లు మూతపడితే అందరూ బస్సుల్నే తిడతారు. అక్కడ కూడా అంతేనా?
– నాంపల్లి నుంచి రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్

మీరు నొచ్చుకోకండి, అక్కడ బస్సులు పెట్టింది రైలు కంపెనీయే. రోడ్డు మీద పోటీ పెరుగుతోందని 1930లో తనే ఒక బస్సు కంపెనీ తెరిచింది. ఇది చదివి మీకేమైనా గుర్తొచ్చిందా? 1932 జూన్‌లో మన నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో రోడ్డు శాఖ పెట్టింది. మీరు జీతం తీసుకున్న ఆర్టీసీకి మూలం అదే. ఎక్కడో అట్లాంటిక్ గాలికి ఉన్న దీవిలోనూ ఇక్కడ మూసీ ఒడ్డునా రైలువాళ్లకి రెండేళ్ల తేడాతో ఒకే ఆలోచన వచ్చింది. ఇక్కడ రైలూ బతికింది, బస్సూ బతికింది. అక్కడ బిడ్డ పెరిగి తల్లి కంచంలో అన్నం తినేసింది.

యుద్ధం కొన్నాళ్లు ఆపింది. 1940లో పోర్ట్ ఎరిన్, పోర్ట్ సెయింట్ మేరీ ఊళ్లకి కంచె కట్టి, శత్రుదేశం వాళ్లన్న పేరుతో ఆడవాళ్లని, పిల్లల్ని నిర్బంధించారు. అందులో హిట్లర్ నుంచి తప్పించుకుని వచ్చిన యూదులే ఎందరో. డగ్లస్‌లో ఓడ దిగి వాళ్లు ఇదే రైలెక్కారు. నేను పులిహోర తింటూ వెళ్లిన దారి.

యుద్ధం అయ్యాక కార్లొచ్చాయి. మిల్లు కూలీలు విమానమెక్కి స్పెయిన్ ఎండకి పోవడం మొదలెట్టారు. ఖర్చు తగ్గించుకోవడానికి 1961లో ఐర్లండులో మూతపడ్డ డోనెగల్ రైల్వే నుంచి రెండు డీజిల్ రైలు కార్లు కొన్నారు. అదీ మూడడుగుల గేజే కాబట్టి పట్టాల మీద సరిగ్గా కూర్చున్నాయి. అయినా గట్టెక్కలేదు. 1965 చివర్లో బండ్లు ఆపేశారు. 1966 అంతా ఒక్క కూతా లేదు.

ఇక్కడ కథలోకి ఐల్సా మార్క్విస్ వచ్చాడు, స్కాట్లండు జమీందారు. 21 ఏళ్లకి లీజు తీసుకుని 1967లో మళ్లీ లైన్లు తెరిచాడు. కానీ కాగితంలో ఒక మెలిక పెట్టుకున్నాడు, అయిదేళ్లకి ఇష్టం లేకపోతే వదిలేయొచ్చని. తెలివైనవాడే. రెండు వేసవులు నడిపేసరికి లెక్క అర్థమైంది. 1968 సెప్టెంబరు తర్వాత పీల్‌కీ రామ్సీకీ బండి లేదు, దక్షిణం ఒక్కటే మిగిలింది. అయిదేళ్లు కాగానే మెలిక వాడుకుని వెళ్లిపోయాడు. కొందరు ఆయన్ని మధ్యలో వదిలేశాడంటారు. నేనలా అనను. ఆ రెండేళ్లు ఎవరూ నడపకపోతే దక్షిణపు పట్టాలు కూడా తుక్కువాడి లారీ ఎక్కేవి.

పాత కంపెనీ ప్రభుత్వం సాయంతో ఈడ్చుకొచ్చింది. 1975లో మరీ దిగజారి దారి మధ్యలోని కాసిల్‌టౌన్ నుంచి పోర్ట్ ఎరిన్ వరకే నడిపారు. రాజధానిలో దిగినవాడికి రైలే లేదు! తర్వాతి ఏడాది ఇంకాస్త డగ్లస్ వైపు, బల్లసల్లా దాకా పెంచారు. జనం గోల పెట్టారు, ఎన్నికల్లో కూడా అదే మాట. 1977కి డగ్లస్ దాకా మళ్లీ వచ్చింది. 1978లో ప్రభుత్వం కొనేసింది, ఈనాటికీ దానిదే. పీల్, రామ్సీ పట్టాలు మాత్రం అప్పటికే పీకేశారు. పీల్ దారిలో ఇప్పుడు జనం నడక కోసం వెళ్తారు. డగ్లస్ స్టేషన్‌లో ఆ వైపు ప్లాట్‌ఫారాలున్న చోట, మీకు చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది, బస్ డిపో కట్టారు.

ప్రశ్న: 74 కిలోమీటర్లలో పాతికే మిగిలింది. దానికి ప్రభుత్వం డబ్బు పోయడం దండగ కాదా? మన దగ్గర ఇలా చేస్తే పేపర్లు ఊరుకుంటాయా?
– హిమాయత్‌నగర్ నుంచి చార్టర్డ్ అకౌంటెంట్

టికెట్ల డబ్బుతో ఆ రైలు బతకదు, దాచాల్సిన పని లేదు. కానీ దాన్ని చూడటానికే ఓడెక్కి వచ్చినవాడు హోటల్లో పడుకుంటాడు, అన్నం తింటాడు. ఆ లెక్క మీకు నాకంటే బాగా వచ్చు.

నాకు నచ్చిన ఉపాయం ఒకటి చెబుతాను. 2001లో దీవి డ్రైనేజీకి పెద్ద పైపులైను వేయాల్సి వచ్చింది. ఊరు తవ్వకుండా, కొండ తవ్వకుండా కొంత దూరం రైలు కట్ట కిందనే పైపు వేశారు. ఎలాగూ పట్టాలు తీయాలి కాబట్టి తిరిగి కొత్త పట్టాలు పరిచారు. రైలుకి కొత్త దారి, ఊరికి మురుగు దారి. మన వీధిలో రోడ్డు వేసిన వారానికి పైపు కోసం తవ్వుతారు, వాళ్లు ముందు పైపు వేసి తర్వాత పట్టాలు వేశారు. హెరిటేజ్ అంటే సెంటిమెంటు అనుకునేవాళ్లకి ఈ పైపు చూపించాలి.

దండగ ఏదంటే, పీకేసింది. పీకిన కట్ట మీద పదేళ్లలో ఇళ్లు లేస్తాయి, మళ్లీ వేయాలంటే కోట్లు. కాచిగూడ నుంచి మన మీటర్ గేజ్ పోయింది. బ్రాడ్ గేజ్ రావాల్సిందే, నేను కాదనను. ఒక్క ఇరవై కిలోమీటర్లు ఎక్కడైనా ఉంచి ఒక ఇంజన్ ఆడించి ఉంటే ఇవాళ మీ పిల్లలకి ఫోన్‌లో చూపించే అవసరం ఉండేది కాదు.

ప్రశ్న: మన దేశంలో దీవి మీద రైలు లేదా అంకుల్?
– ఓయూ క్యాంపస్ నుంచి ఒక విద్యార్థిని

ఎందుకు లేదమ్మా, రామేశ్వరం దీవే కదా! పాంబన్ వంతెన 1914 ఫిబ్రవరిలో తెరిచారు. రెండు కిలోమీటర్ల పైన పొడవు, నడుమ ఓడ వస్తే రెండు రెక్కల్లా పైకి లేచే స్పాను. రైలు దీవి చివర ధనుష్కోటి దాకా వెళ్లేది, అక్కడ దిగి ఓడెక్కితే సిలోన్. 1964 డిసెంబరు తుపాను ఆ ఊరినీ, స్టేషన్‌నీ, రాత్రి వస్తున్న ప్యాసింజర్ బండినీ మనుషులతో సహా తీసుకుపోయింది. దెబ్బతిన్న వంతెనని శ్రీధరన్ గారి మనుషులు 46 రోజుల్లో నిలబెట్టారు. తర్వాత ఢిల్లీ మెట్రో కట్టిన ఇంజినీరు శ్రీధరన్ గారే. 2025 ఏప్రిల్‌లో పక్కనే కొత్త వంతెన వచ్చింది, దాని నడిమి స్పాను లిఫ్టులా నిలువుగా లేస్తుంది. కాకపోతే రామేశ్వరానిది యాత్రికుల్ని మోసే పనిరైలు, హెరిటేజ్ అనలేం. మా అమ్మని పాత వంతెన మీదే తీసుకెళ్లాను. దాటినంతసేపూ కళ్లు మూసుకుని ఉంది, వంతెన ఎలా ఉందే అంటే గాలి బాగుంది అంది.

ప్రశ్న: తాతగారూ, ఆ ఇంజన్లకి మనుషుల పేర్లు ఎందుకు పెట్టారు? మీ ఇంజన్‌కి పేరుందా?
– లాలాగూడ నుంచి అయిదో తరగతి బాబు

బాబూ, డబ్బు పెట్టినవాళ్లనీ, అధికారంలో ఉన్నవాళ్లనీ సంతోషపెట్టడానికి పెట్టారు. నేనెక్కిన లాక్ అప్పటి గవర్నరు హెన్రీ లాక్ పేరు. ఆయన కుర్రతనంలో మన దేశంలోనే ఈస్టిండియా కంపెనీ గుర్రపు దళంలో పనిచేశాడు. మిగతా ఇంజన్ల పేర్లలో మోనా అనేది ఆ దీవికి పాతకాలపు పేరు. టిన్వాల్డ్ అంటే వాళ్ల పార్లమెంటు. జి.హెచ్. వుడ్ కంపెనీ సెక్రటరీ. చూశావా, ఆఫీసులో లెక్కలు రాసిన ఆయన పేరుతో కూడా ఇంజన్ ఉంది.

మా ఇంజన్లకి నంబర్లే ఉండేవి. కానీ ఒకదాన్ని మేం ఫైర్‌మాన్లం సత్తెమ్మ అనేవాళ్లం. కొన్ని ఇంజన్లు గేజ్ గ్లాసులో ఒకటి చూపించి లోపల ఒకటి దాచేవి. సత్తెమ్మ ఎప్పుడూ అలా చేయలేదు. నీళ్లు ఇంత అంటే ఇంతే. డ్రైవర్‌గారు వినకుండా పొద్దున్నే డ్యూటీ ఎక్కేటప్పుడు దాని బఫర్ మీద, అంటే ముందు గుద్దు ఆపే ఇనుప బిళ్ల మీద, రెండుసార్లు తట్టేవాణ్ణి. లాక్ దగ్గర కూడా తట్టాను. ఆ కుర్రాడు చూశాడు గానీ ఏమీ అడగలేదు.